డ్రిల్లు పీరియడ్ ఎవరిది?

*ముందు పరిగెత్తేవాడికి పతకముంది, ఫొటో ఉంది, మెచ్చుకోలుంది. మరి చివర రొప్పుతూ వచ్చే పిల్లకో? బడిలో వ్యాయామం ఎవరికోసమన్న ప్రశ్నను మళ్ళీ అడగాల్సిన సమయమిది.*

ఏ జిల్లా పరిషత్ హైస్కూలైనా అనుకోండి. ప్రార్థన అయిపోయింది. ఎండ ఇంకా ముదరలేదు. మైదానంలో ముగ్గుపిండితో గీసిన గీత దగ్గర ఎనిమిదో తరగతి పిల్లలు గుమిగూడారు. మెడలో విజిలు, ఒక చేతిలో స్టాప్‌వాచ్, ఇంకో చేతిలో సెల్‌ఫోన్‌తో పీఈటీ సారు నిలబడ్డారు. ఇవాళ ఫిట్‌నెస్ పరీక్ష. ఆరువందల మీటర్ల పరుగు. మైదానం చుట్టూ మూడు రౌండ్లు.

విజిలు మోగింది. చెప్పులు గట్టు మీద వదిలేసి నలుగురైదుగురు మగపిల్లలు ఉత్త కాళ్ళతో దూసుకుపోయారు. రెండో రౌండుకే గుంపు చీలిపోయింది. ముందు గీత దాటినవాళ్ళు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నవ్వుకుంటున్నారు. సారు ఒకడి భుజం తట్టి, "సాయంత్రం ఆగరా, స్కూల్ గేమ్స్ సెలెక్షన్లున్నాయి" అంటున్నారు. చివరి అమ్మాయికి ఇంకా ముప్పావు రౌండు మిగిలే ఉంది. ఒక చేత్తో చున్నీ సర్దుకుంటూ, ఇంకో చేత్తో డొక్క పట్టుకుని కాసేపు పరుగు, కాసేపు నడక. గట్టు మీద కూర్చున్నవాళ్ళు లయగా చప్పట్లు మొదలెట్టారు. అవి మెచ్చుకోలు చప్పట్లు కావని ఆమెకూ తెలుసు.

సారు టైము చూసి యాప్‌లో నొక్కారు. ఆమె వేగం నమోదైంది. ఇంకెప్పుడూ ఈ మైదానంలో అడుగుపెట్టనని ఆమె అప్పుడే మనసులో అనుకున్న మాట మాత్రం ఏ గడిలోనూ ఎక్కలేదు.

పిల్లల వ్యాయామం గురించి ఇంత చర్చ ఈమధ్య కాలంలో జరగలేదు. 2025 జూన్ 20న విశాఖపట్నంలో 20 వేల మందికి పైగా గిరిజన విద్యార్థులు ఒక్కసారిగా సూర్యనమస్కారాలు చేశారు. మర్నాడు సాగరతీరంలో మూడు లక్షల మంది యోగాసనాలు వేశారు. జులై 1న కేంద్ర మంత్రివర్గం 'ఖేలో భారత్ నీతి'కి ఆమోదముద్ర వేసింది. అదే నెల 31న అమెరికా అధ్యక్షుడు ట్రంప్, పదేళ్ళకు పైగా మూలనపడిన ఫిట్‌నెస్ పరీక్షను అక్కడి బడుల్లోకి తిరిగి తెచ్చే ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. రికార్డులు, విధానాలు, పరీక్షలు అన్నీ బాగానే ఉన్నాయి. వీటన్నిటి మధ్యా తేలాల్సిన సంగతి ఒకటుంది. వారానికి రెండు మూడుసార్లు వచ్చే ఆ డ్రిల్లు పీరియడ్ ముందు గీత దాటినవాడిదా, చివర వచ్చిన అమ్మాయిదా?

ఒక పరీక్ష, డెబ్భై ఏళ్ళ గొడవ

పిల్లల ఒంటి సత్తువను దేశ సమస్యగా చూడటం అమెరికాలో 1950లలో మొదలైంది. న్యూయార్క్ వైద్యుడు హాన్స్ క్రాస్, వ్యాయామ శిక్షకురాలు బానీ ప్రుడెన్ కలిసి పిల్లలకు ఆరు తేలికపాటి పరీక్షలు పెట్టారు. మోకాళ్ళు వంచకుండా నేలను తాకడం, వెల్లకిలా పడుకుని లేచి కూర్చోవడం లాంటివే. అమెరికా పిల్లల్లో దాదాపు 58 శాతం మంది కనీసం ఒకదాంట్లో తప్పారు. ఇటలీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ పిల్లల్లో తప్పినవాళ్ళు 9 శాతం లోపే. 1955లో ఈ లెక్క అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దాకా వెళ్ళింది. మరుసటి ఏడాదే యువత దేహదారుఢ్యం కోసం ఒక మండలి ఏర్పడింది. ఎన్నికల్లో గెలిచి ఇంకా పదవి చేపట్టని కెనెడీ, 1960 డిసెంబరులో ఒక క్రీడాపత్రికలో అమెరికన్లు మెత్తబడిపోతున్నారంటూ వ్యాసమే రాశారు. రష్యాతో ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తున్న రోజులు. బడిపిల్లవాడి కండలో రేపటి సైనికుడు కనబడిన కాలమది.

1966లో అధ్యక్షుడి పేరిట అవార్డు వచ్చింది. అన్ని అంశాల్లోనూ నూటికి మొదటి పదిహేను మందిలో నిలిచినవారికే ఆ గౌరవం. మిగతా ఎనభై ఐదు మంది సంగతేమిటన్నది చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. తరగతంతా చూస్తుండగా కడ్డీకి వేలాడి ఒక్క పుల్-అప్ కూడా తీయలేకపోయిన చేదు జ్ఞాపకం తరాల అమెరికన్లకు మిగిలింది. చివరికి ఒబామా హయాంలో, 2012-13 ప్రాంతంలో ఆ పరీక్షను పక్కనపెట్టారు. పక్కవాడితో పోల్చడం మాని, పిల్లల ఆరోగ్యానికి ఎంత సత్తువ కావాలో దానితో పోల్చి చూసే పద్ధతి వచ్చింది. ఇప్పుడు పాత పరీక్ష మళ్ళీ రంగంలోకి దిగడంతో అక్కడ పాత వాదనలూ లేచి కూర్చున్నాయి.

సింగపూర్ అనుభవం ఇంకా ముక్కుసూటిగా ఉంటుంది. 1992లో ఆ దేశం 'ట్రిమ్ అండ్ ఫిట్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. బరువు ఎక్కువున్న పిల్లలను విడదీసి, వాళ్ళ చేత ప్రత్యేకంగా వ్యాయామం చేయించేవారు. తోటివాళ్ళు తింటూ ఆడుకునే విరామ సమయంలో వీళ్ళు పరిగెత్తాల్సి వచ్చేది. బడిపిల్లల్లో ఊబకాయం 14 శాతం నుంచి 2006 నాటికి 9.5 శాతానికి దిగింది. కాగితం మీద అది విజయమే. కానీ ఆ పిల్లలు పడ్డ ఎగతాళి, సిగ్గు ఆ లెక్కలో లేవు. 2007లో ప్రభుత్వమే దాన్ని ఎత్తేసి, పిల్లలందరికీ కలిపి వర్తించే ఆరోగ్య కార్యక్రమం తెచ్చింది.

> ఎంత కదిలితే చాలు?
>
> ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు:
>
> • రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు వేడెక్కి, ఊపిరి వేగం పెరిగేంత శ్రమ కావాలి.
> • వారంలో కనీసం 3 రోజులు బాగా ఆయాసం తెప్పించేవి, ఎముకలు, కండరాలు గట్టిపడేవి చేయాలి. పరుగు, గెంతు, ఎక్కడం, స్కిప్పింగ్ లాంటివి.
> • ఈ గంట ఒక్కసారిగా ఉండనక్కర్లేదు. బడికి నడక, విరామంలో ఆట, సాయంత్రం సైకిల్ అన్నీ కలిపి లెక్కే.
> • కదలకుండా కూర్చునే సమయం, ముఖ్యంగా తెర ముందు గడిపేది తగ్గించాలి.

డ్రిల్లు మాస్టారి కాలం

మనకు డ్రిల్లు బ్రిటిష్ హయాంలో బడిలోకి వచ్చింది. కలియుగ భీముడిగా పేరుపడ్డ కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్‌తో ఊళ్ళను ఉర్రూతలూగించక ముందు మద్రాసు దగ్గరి సైదాపేటలో వ్యాయామవిద్యలో శిక్షణ పొంది, విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పిన ఉపాధ్యాయుడే. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల స్థాపించారు. దేశంలో వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసే చదువుకు అక్కడే పునాది పడింది.

ఆ డ్రిల్లులో సైనిక కవాతు వాసన ఉండేది. సావధాన్, విశ్రామ్, వరుస, అంకెలు. పంద్రాగస్టుకు మాస్ డ్రిల్లు, డంబెల్స్, లెజిమ్, ఒకరి భుజాల మీద ఒకరెక్కి కట్టే పిరమిడ్లు. అయినా అప్పటి పిల్లలకు అసలు వ్యాయామం బడి బయటే దొరికేది. కోస్తాలో బిళ్ళంగోడు, తెలంగాణలో చిర్రగోనె, ఎక్కడికెళ్ళినా కోతికొమ్మచ్చి, ఏడుపెంకులాట, చెరువులో ఈత. నాలుగు గంటలకు బెల్లు కొడితే దీపాలు పెట్టేదాకా ఇంటి మొహం చూసేవారు కాదు. డ్రిల్లు పీరియడ్ ఎగిరిపోయినా ఆ పిల్లలకు పెద్ద నష్టం లేకపోయింది.

ఇప్పుడు ఆ సాయంత్రాలు పోయాయి. వీధుల్లో బళ్ళు నిలిపి ఉంటాయి. ఖాళీ స్థలాల్లో ప్లాట్ల హద్దురాళ్ళు వెలిశాయి. గుమ్మం ముందు ఎక్కించుకున్న బస్సు మళ్ళీ గుమ్మం ముందే దింపుతుంది. ఇంటికి రాగానే ట్యూషన్, ఆ తర్వాత సెల్‌ఫోన్. పిల్లలు కదలడానికి మిగిలిన ఒకే ఒక్క చోటు బడి. సరిగ్గా ఈ సమయంలోనే బడి తన మైదానాన్ని పోగొట్టుకుంది.

పీరియడ్ ఎక్కడికి పోయింది?

టైంటేబుల్‌లో డ్రిల్లు పీరియడ్ ఉంటుంది. జూన్‌లో బడులు తెరిచినప్పుడు ఒకటి రెండు నెలలు జరుగుతుంది కూడా. దసరా దాటేసరికి దాని మీద లెక్కల సారు చేయి పడుతుంది. సిలబస్ వెనకబడిందంటే దొరికే మొదటి పీరియడ్ అదే. పదో తరగతికి వచ్చేసరికి పొద్దున, సాయంత్రం ప్రత్యేక తరగతులు. ఆటకు అడ్రసే ఉండదు. "ఈ ఒక్క ఏడాది ఓపిక పట్టు నాన్నా" అని పదిలో చెప్పిన మాటే ఇంటర్‌లోనూ చెబుతాం. ఇంజినీరింగ్‌లో చేరేసరికి పరిగెత్తే అలవాటే పోయి ఉంటుంది.

ప్రైవేటు బడుల కథ వేరు. అపార్ట్‌మెంట్ లాంటి భవనంలో నాలుగంతస్తుల మీద తరగతులు. కింద సెల్లారులో బస్సులు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, ఒలింపియాడ్. ఏడాదికోసారి ఏదో మైదానం అద్దెకు తీసుకుని స్పోర్ట్స్ డే జరిపి, ఫొటోలు బ్రోచర్‌లో వేస్తారు. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలని తన షెడ్యూల్‌లోనే రాసింది. ప్రతి తరగతికీ ఆట సామగ్రి ఇవ్వాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడైనా ఉండాలంది. చట్టం ఉంది, చోటు లేదు.

ప్రభుత్వ బడిలో చోటుంటే చేయి ఆడదు. సమగ్ర శిక్షా కింద క్రీడా సామగ్రికి ఏడాదికి ఇచ్చేది ప్రాథమిక పాఠశాలకు 5 వేలు, ప్రాథమికోన్నత పాఠశాలకు 10 వేలు, ఉన్నత పాఠశాలకు 25 వేల రూపాయల వరకు. ఒక వాలీబాల్ నెట్టు, నాలుగు బంతులు, రెండు స్కిప్పింగ్ తాళ్ళు కొనేసరికి ప్రాథమిక పాఠశాల డబ్బు అయిపోతుంది. పైగా అక్కడ వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు సాధారణంగా ఉండనే ఉండదు. పరుగు, గెంతు, బంతి విసరడం, పట్టుకోవడం లాంటి కదలికలన్నీ ఒంటబట్టే వయసు ఆరు నుంచి పది. ఆ అయిదేళ్ళూ గురువు లేకుండానే గడిచిపోతాయి.

హైస్కూల్లో పీఈటీ ఉన్నా ఆయన చేతిలో పనులెన్నో. ప్రార్థన నడిపించడం, ఆలస్యంగా వచ్చినవాళ్ళను ఆపడం, మధ్యాహ్న భోజనం దగ్గర వరుస చూడటం, జెండా పండుగలకు ఏర్పాట్లు, అల్లరి ఎక్కువైతే క్రమశిక్షణ. మిగిలిన సమయంలో మండల, జిల్లా పోటీలకు పదిహేను మందిని తయారుచేయాలి. ఆయన పనితనాన్ని బడి ఎన్ని కప్పులు తెచ్చిందన్న లెక్కతోనే కొలుస్తారు. మిగతా మూడువందల మంది గట్టు మీద కూర్చుని చూస్తారు. ఇందులో సారు తప్పేమీ లేదు. మనం అడిగిందే ఆయన తెచ్చిపెడుతున్నారు.

గుంజీలు: వ్యాయామమా, శిక్షా?

బడిలో మనం వ్యాయామాన్ని వాడే తీరు చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. హోంవర్క్ చేయలేదా, ఇరవై గుంజీలు. ఆలస్యంగా వచ్చావా, గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు. మాట్లాడావా, గోడకుర్చీ. గుంజీ తొడకండరాలకు మంచి కసరత్తు. గోడకుర్చీని పట్నంలో జిమ్ముకెళ్ళేవాళ్ళు డబ్బిచ్చి మరీ నేర్చుకుంటున్నారు. అదే పనిని పిల్లలకు అవమానంగా పరిచయం చేశాం. ఇంకోపక్క, బాగా చదివితే ఆటకు వదులుతామంటాం. చదువు రాని పిల్లాడికి మొదట కోత పడేది ఆట మీదే. నిజానికి కుదురుగా కూర్చోలేని ఆ పిల్లాడికే అది అందరికంటే ఎక్కువ అవసరం.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని నిషేధించింది. బెత్తం చాలాచోట్ల తగ్గింది. గుంజీలు మాత్రం శిక్షే కాదన్నట్టు కొనసాగుతున్నాయి. పదేపదే గుంజీలు తీయించడంతో పిల్లలు ఆసుపత్రి పాలైన వార్తలు మన రాష్ట్రాల్లోనే చదువుతున్నాం. ఒంటిని శిక్షగా అనుభవించిన పిల్ల పెద్దయ్యాక పొద్దున్నే లేచి ఇష్టంగా నడకకు వెళ్తుందని ఎలా ఆశిస్తాం?

> యాప్‌లో పరీక్షలు, వీధిలో ఆటలు
>
> 2019 ఆగస్టు 29న, ధ్యాన్‌చంద్ జయంతి నాడు, ఫిట్ ఇండియా ఉద్యమం మొదలైంది. బడుల్లో వాడే ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో ఇవి ఉంటాయి:
>
> • చిన్న తరగతులకు: ఎత్తు-బరువుల నిష్పత్తి; ఒంటికాలి మీద తూలకుండా నిలబడటం; రెండు వృత్తాలను చేత్తో వేగంగా మార్చి మార్చి తాకడం.
> • నాలుగు నుంచి పన్నెండు తరగతులకు: 50 మీటర్ల వేగపరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కూర్చుని ముందుకు వంగడం, పడుకుని సగం లేవడం, పుష్-అప్స్.
>
> ఒంటికాలి మీద నిలకడ తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లకు కొత్త కాదు. చేతివేగం అచ్చనగాయలతో వస్తుంది. వేగపరుగు ఖోఖోలో ఉంది. పరీక్ష పేర్లు కొత్తవైనా, సాధన చేయించే ఆటలు మన ముంగిట్లోనే ఉన్నాయి.

సన్నగా ఉంటే సరిపోతుందా?

ఫిట్‌నెస్ అనగానే మనకు లావు పిల్లలే గుర్తొస్తారు. మా వాడు సన్నగానే ఉన్నాడుగా, వాడికేం బాధ అనుకుంటాం. మన దేశంలో కథ అంత సులువుగా లేదు. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం 10 నుంచి 19 ఏళ్ళవారిలో 24 శాతం మంది ఉండాల్సినదానికంటే సన్నగా ఉన్నారు. 5 శాతం మంది బరువు ఎక్కువున్నారు. అదే సర్వేలో దాదాపు 10 శాతం మందిలో మధుమేహానికి ముందుదశ కనబడింది. అంటే చూడటానికి బక్కపలచగా ఉన్నవాళ్ళ రక్తంలోనూ చక్కెర గడప దాటుతోంది. మన శిశువులు బరువు తక్కువగా పుట్టినా వారి ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువని పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఏళ్ళ తరబడి పరిశోధించి చెప్పారు. ఆ కొవ్వు పాలు తగ్గాలన్నా, కండ పాలు పెరగాలన్నా కదలిక కావాలి. బరువు చూసే యంత్రం ఇదంతా చెప్పలేదు.

ఎముకల సంగతీ అంతే. జీవితాంతం మోయాల్సిన ఎముకల గట్టిదనంలో చాలాభాగం ఇరవై ఏళ్ళలోపే సమకూరుతుంది. గెంతులు, పరుగులు లేని బాల్యం అరవై ఏళ్ళ వయసులో తుంటి విరుపుగా బయటపడొచ్చు. కళ్ళ సంగతి తైవాన్ చూపించింది. రోజుకు 120 నిమిషాలు పిల్లలను ఆరుబయట ఉంచాలని 2010లో ఆ దేశం బడులకు చెప్పింది. ఏటా పెరుగుతూ వచ్చిన చూపు మందగించిన పిల్లల శాతం ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. 2012లో 49.4 శాతం ఉన్నది 2015 నాటికి 46.1 శాతానికి దిగింది. ఆరుబయటి వెలుతురు మహిమ అది. ఆట ఆ వెలుతురులోకి పిల్లలను తీసుకెళ్ళింది.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది సగానికి మించే ఉంది. పొద్దున టీ నీళ్ళు తాగి బడికొచ్చిన పిల్ల ప్రార్థనలోనే సొమ్మసిల్లుతోందంటే, ఆమెను మూడు రౌండ్లు కొట్టమనే ముందు కడుపులో ఏముందో అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుంచి బడిలో ఇస్తున్న రాగిజావ, మధ్యాహ్న భోజనంలో గుడ్డు కూడా వ్యాయామ కార్యక్రమంలో భాగాలే. తిండి, ఐరన్ మాత్ర, ఆట ఒకదాని వెంట ఒకటి రావాలి.

ఆడపిల్లల ఆట ఎక్కడ ఆగుతుంది?

146 దేశాల్లోని 16 లక్షల మంది బడిపిల్లల సమాచారంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. 11-17 ఏళ్ళవారిలో 81 శాతం మందికి రోజుకు గంట శ్రమ లేదు. అమ్మాయిల్లో ఇది 85 శాతం, అబ్బాయిల్లో 78. భారత్, బంగ్లాదేశ్ అమ్మాయిలు మాత్రం చాలా దేశాల అమ్మాయిలకంటే కాస్త మెరుగ్గా కనిపించారు. కారణం ఏమై ఉంటుందని పరిశోధకులు ఆలోచిస్తే తేలింది ఇంటిపని. నీళ్ళు మోయడం, ఇల్లు ఊడ్వడం, అంట్లు తోమడం. అబ్బాయిల విషయంలో మాత్రం క్రికెట్ లాంటి ఆటలు కారణం కావచ్చన్నారు. ఒకే దేశం, ఒకే వయసు. అన్న ఆడి చెమట పోస్తాడు, చెల్లెలు చాకిరీ చేసి.

ఏడు, ఎనిమిది తరగతుల దగ్గర మన అమ్మాయిల ఆట ఆగిపోతుంది. పెద్దమనిషైందని ఇంట్లో ఒక మాట అంటారు. బడిలో నీళ్ళున్న మరుగుదొడ్డి లేకపోతే నెలసరి రోజుల్లో మైదానానికి రావడం కష్టం. చున్నీ పిన్నులు ఊడితే ఎవరేమంటారోనన్న భయం. కాళ్ళకు చెప్పులే తప్ప బూట్లుండవు. మైదానం నడిబొడ్డున అబ్బాయిల క్రికెట్. గోడవారన ఇద్దరమ్మాయిలు రింగు విసురుకుంటుంటారు. ఆ రింగు ఆట కూడా మానేసి కబుర్లలో పడటానికి ఎక్కువకాలం పట్టదు.

ఒక కన్ను గుర్తుపడితే

ఆ గోడవార నుంచి ఒక పిల్లను ఎవరైనా చూసి పిలిస్తే ఏమవుతుందో మనకు తెలుసు. విశాఖలో సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతి యర్రాజి పోర్టు హైస్కూల్లో చదువుతున్నప్పుడు ఆమె పొడుగు చూసి, హర్డిల్స్‌కు పనికొస్తుందని మొదట కనిపెట్టింది వ్యాయామ ఉపాధ్యాయుడే. 100 మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్ల లోపు దాటిన తొలి భారతీయ మహిళ ఆమె. 2023లో ఆసియా ఛాంపియన్ అయింది, 2025లో మళ్ళీ గెలిచింది.

వరంగల్ జిల్లా కల్లెడలో కూలి చేసుకునే దంపతుల కూతురు జీవాంజి దీప్తి కథ ఇంకా లోతుగా తాకుతుంది. మేధో వైకల్యంతో పుట్టిన ఆ పిల్లను ఊళ్ళో రూపాన్ని చూసి వెక్కిరించారు. బడిలో పరిగెడుతుంటే వ్యాయామ ఉపాధ్యాయుడు గమనించారు. తర్వాత కోచ్ నాగపురి రమేశ్ చేతిలో పడింది. 2024లో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో ప్రపంచ రికార్డుతో స్వర్ణం, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం.

ఈ కథలను మనం ప్రతిభ గెలిచిన కథలుగా చెప్పుకుంటాం. ఇంకోలా చూస్తే ఇవి డ్రిల్లు పీరియడ్ జరిగిన బడుల కథలు. ఆ రోజు ఆ పీరియడ్‌లో లెక్కలు చెప్పి ఉంటే దీప్తి పరుగును ఎవరు చూసేవారు? హకీంపేట లాంటి క్రీడా పాఠశాలలు ఎంపికైన పిల్లల కోసం. ఎంపిక దాకా రావాలంటే ముందు ప్రతి పిల్లా పరిగెత్తాలి. అందరినీ ఆడిస్తే ఛాంపియన్లు వాళ్ళలోంచే వస్తారు. ఛాంపియన్ల కోసమే వెతికితే మిగతా అందరినీ పోగొట్టుకుంటాం.

పదిహేను నిమిషాల ప్రయోగం

స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ పట్టణంలో సెయింట్ నినియన్స్ అనే ప్రాథమిక పాఠశాల ఉంది. 2012లో అక్కడి ప్రధానోపాధ్యాయురాలు ఎలెయిన్ వైలీ, పిల్లలు మైదానం చుట్టూ ఒక్క రౌండుకే అలసిపోవడం చూసి ఒక పని మొదలుపెట్టారు. రోజూ పదిహేను నిమిషాలు, ఏదో ఒక పీరియడ్ మధ్యలో తరగతంతా బయటికెళ్ళాలి. వేసుకున్న బట్టలతోనే, చేతనైన వేగంతో. పరిగెత్తొచ్చు, అలసిపోతే నడవొచ్చు, స్నేహితురాలితో కబుర్లాడుతూ సాగొచ్చు. టైము చూసేవాళ్ళు లేరు. మొదటివాళ్ళు, చివరివాళ్ళు అన్న లెక్క లేదు. నెల తిరిగేసరికి చాలామంది మైలు దూరం పరిగెత్తగలిగారు. 'డైలీ మైల్' పేరుతో అది ఎన్నో దేశాలకు పాకింది.

2018లో రెండు బడుల పిల్లలను పోల్చిన అధ్యయనంలో, రోజూ పరిగెత్తిన పిల్లల దమ్ము 5 శాతం మెరుగైంది. ఒంటి కొవ్వు 4 శాతం తగ్గింది. ఆ తర్వాత బర్మింగ్‌హామ్‌లో 40 బడుల్లో జరిగిన పెద్ద పరీక్షలో మాత్రం పిల్లల బరువు మీద మొత్తంగా చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు. తిండి మారకుండా పదిహేను నిమిషాల పరుగుతో బరువు దిగిపోతుందనుకోవడం అత్యాశ. ఆ పావుగంట గొప్పదనం వేరే చోట ఉంది. అందులో గట్టు మీద కూర్చునే పిల్లలు ఉండరు. ఖర్చు లేదు, సామగ్రి అక్కర్లేదు, పీఈటీ పోస్టు కోసం ఎదురుచూడనక్కర్లేదు; తెలుగు టీచరైనా తీసుకెళ్ళొచ్చు.

> అక్కడి బడుల్లో ఇలా
>
> • జపాన్: 1928లో మొదలైన రేడియో వ్యాయామం ఇప్పటికీ నడుస్తోంది. వేసవి సెలవుల్లో పొద్దున్నే వీధిలో కలిసి చేసే పిల్లల కార్డు మీద రోజుకో ముద్ర వేస్తారు. ప్రాథమిక బడిపిల్లలు ఎక్కువమంది నడిచే బడికెళ్తారు.
> • ఫిన్లాండ్: ముప్పావు గంట పాఠం తర్వాత పావుగంట విరామం. పిల్లలు సాధారణంగా ఆరుబయటే గడుపుతారు.
> • మన సీబీఎస్ఈ: 2018లో 9 నుంచి 12 తరగతులకు రోజూ ఒక పీరియడ్ ఆరోగ్య, వ్యాయామ విద్యకు కేటాయించాలని బడులను ఆదేశించింది. 2025 మేలో ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో చెప్పే బోర్డులు పెట్టమంది.

మన బడిలో ఏం చేయొచ్చు?

స్కాట్లాండ్ చలి మనకు లేదు, మన ఎండ వాళ్ళకు లేదు. కాబట్టి మన పావుగంట పొద్దున్నే ఉండాలి. ప్రార్థన అయిన వెంటనే, తరగతి గదిలోకి వెళ్ళే ముందే. ఒంటిపూట బడుల రోజుల్లో అయితే మొదటి గంటలోనే. మైదానం లేని బడికి మేడ మీది వరండా, మెట్లు, పక్క వీధిలోని పార్కు ఉన్నాయి. స్కిప్పింగ్ తాడుకు చాపంత జాగా చాలు.

ఫిట్‌నెస్ పరీక్షలు మానేయాలని దీనర్థం కాదు. ఏ పిల్ల దమ్ము తగ్గుతోందో తెలియాలంటే కొలత కావాలి. కానీ ఆ కొలతను అందరి ముందూ చదవకూడదు. ఆగస్టులో ఎంత, ఫిబ్రవరిలో ఎంత అన్నది ఆ పిల్లకూ ఇంటివాళ్ళకూ తెలిస్తే చాలు. చివర వచ్చిన పిల్ల ఆరునెలల్లో అరనిమిషం తగ్గించుకుంటే, మొదటివాడి కప్పుకంటే సారు గర్వించాల్సిన ఫలితం అదే.

బరువులెత్తితే ఎత్తు పెరగరన్న అపోహ ఇళ్ళల్లో గట్టిగానే ఉంది. దగ్గరుండి చూసేవాళ్ళుంటే ఒంటి బరువుతో చేసే కసరత్తులు, తేలికపాటి బరువులు పిల్లల ఎదుగుదలకు అడ్డుపడవు. వీపు మీద మోసే పుస్తకాల సంచి గురించే భయపడాలి. అది పిల్లల బరువులో పదో వంతుకు మించకూడదని 2020 పాఠశాల సంచి విధానం చెప్పింది. ఒకసారి మీ పిల్లల సంచి తూచి చూడండి.

> టీచర్ల మీటింగులో అడగాల్సినవి
>
> • మా పాప తరగతికి వారంలో ఎన్ని డ్రిల్లు పీరియడ్లు? పోయిన నెలలో నిజంగా ఎన్ని జరిగాయి?
> • జట్టులో లేని పిల్లలు ఆ పీరియడ్‌లో ఏం చేస్తారు?
> • శిక్షగా గుంజీలు, రౌండ్లు ఉన్నాయా? మార్కులు తగ్గితే ఆట ఆపుతున్నారా?
> • అమ్మాయిలకు మైదానంలో వేరే సమయం, నీళ్ళున్న మరుగుదొడ్డి ఉన్నాయా?
> • ఫిట్‌నెస్ పరీక్ష ఫలితం మాకు ఎప్పుడు చెబుతారు?

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు నుంచి మెగా పేరెంట్-టీచర్ సమావేశాలు జరుగుతున్నాయి. తెలంగాణ బడుల్లోనూ తల్లిదండ్రులను పిలుస్తున్నారు. ఆ రోజున అందరం మార్కుల జాబితా పట్టుకుని లెక్కల సారు ముందు వరుసకడతాం. పీఈటీ సారు కుర్చీల దగ్గర నిలబడి ఏర్పాట్లు చూస్తుంటారు. ఆయన్ను పలకరించేవాళ్ళు తక్కువ. మన పిల్లల గుండె, ఎముక, కండ ఎలా ఉన్నాయో బడిలో చెప్పగలిగింది ఆయనొక్కరే. మనం అడగనంతకాలం ఆ పీరియడ్ సిలబస్ కిందికే పోతుంది. అడగడం మొదలైతే ప్రధానోపాధ్యాయుడు కూడా టైంటేబుల్ వైపు ఇంకోసారి చూస్తారు.

ముందు ఇంట్లో మొదలుపెట్టండి. 'పోయిన డ్రిల్లు పీరియడ్‌లో ఏం చేశావమ్మా?' అని ఈ సాయంత్రం మీ పాపనడగండి. 'కూర్చున్నాం' అని జవాబొస్తే, వచ్చే మీటింగులో లేచి నిలబడాల్సింది మీరు.